చింతగింజల అంగీ

బంగారమ్మగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. ఆవిడ పెదాల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులుండేవి, అదొక కారణం. చెప్పడం కన్నా చూపించడం తేలికని ఆవిడ నమ్మకం, అది అసలు కారణం. బొత్తాం కాజా ఎందుకు వంకర పోతోందని అడిగితే మాట్లాడకుండా కత్తెర చేతికిచ్చి, ఇంకొకటి కొయ్యమన్నట్టు తలూపేవారు.

విజయనగరంలో రైలు గేటు అవతల ఆవిడ మాకు కుట్టు నేర్పే కుట్టుబడి ఉండేది. రెండు గదులు, నాలుగు మిషన్లు, గోడవారగా నిలువెత్తు పాతబట్టల గుట్ట. మూడో మిషను నాది. అప్పటికి ముప్పై ఏళ్లుగా ఆవిడ స్కూలు నాటకాలకీ వీధి ఆటలకీ వేషాలు కుట్టిపెడుతున్నారు. దారం, సూదులు, హుక్కులు తప్ప ఇంకేమీ కొనేవారు కాదు. చిరిగిన పట్టుచీర, వెలిసిన కర్టెను, ఎవరో పారెయ్యబోయిన సోఫా తొడుగు, ఊళ్లో ఏ ఇంట్లో ఏది పనికిరాదనుకున్నా అది బంగారమ్మగారి గుట్టలోకి చేరేది. అందులోంచే దేవతలూ దొంగలూ నెమళ్లూ లేచి నడిచి వెళ్లేవారు.

ఆ ఏడు ఊరి చివర ఉన్న అంధ బాలికల వసతిగృహం వాళ్లు వార్షికోత్సవంలో ఆడే నాటకానికి ఐదు వేషాలు కావాలని అడిగారు. ఆట ఆదివారం పొద్దున. మంత్రి, రాణి, ఇద్దరు భటుల బట్టలు మిగతావాళ్లం పంచుకుని కుట్టాం. రాజుగారి అంగీ మాత్రం కుసుమకి వచ్చింది. కుసుమ మా అందరిలోకీ చురుకైనది. ఒక వేషం మొత్తం తనొక్కతే కుట్టడం అదే మొదలు. వారం రోజులు దాని కాలు నేలమీద నిలవలేదు. వాళ్లమ్మని కూడా ఆటకి రమ్మని పిలిచేసింది.

శుక్రవారం మధ్యాహ్నం కుసుమ ఆ అంగీని కర్రకి తగిలించి పైకెత్తింది. మా కళ్లు చెదిరాయి. ఎర్ర కర్టెను గుడ్డ మీద అంచుల వెంట బంగారు కాయితం, గుండెల మీద జిగురుతో అంటించిన చెమ్కీలు, అట్టముక్కలతో నిలబెట్టిన భుజాలు. నేను లేచి చప్పట్లు కొట్టాను కూడా. బంగారమ్మగారు దగ్గరికొచ్చి అంగీని తిరగేశారు. లోపల గుడ్డ అంచులు పీచులు పీచులుగా వేలాడుతున్నాయి. తాత్కాలికంగా వేసిన కచ్చాకుట్టు విప్పనే లేదు. మెడ దగ్గర జిగురు గడ్డకట్టి గరుకు తేలింది.

ఆవిడ అంగీని మళ్లీ కర్రకి సర్ది కుసుమ చేతికిచ్చారు. అదే కుసుమని పొడిచినట్టుంది.

"అమ్మా, ఒక్కటడుగుతాను, కోప్పడకండి. వేషమనేది చూసేవాళ్ల కోసమే కదా! వాళ్లు పదడుగుల అవతల కూర్చుంటారు. పదడుగుల అవతలికి కనబడని కుట్టు ఎందుకు కుట్టడం?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే మా అందరికీ ఉన్న ప్రశ్నే అది. అడిగే ధైర్యం దానికొక్కదానికే ఉంది. బంగారమ్మగారు పెదాల మధ్యనుంచి గుండుసూదులు తీసి దిండుకి గుచ్చారు.

"రేపు పొద్దున్నే వేసి చూద్దాం. సంచిలో పెట్టు" అన్నారు.

శనివారం ఎనిమిది గంటలకి బంగారమ్మగారు, కుసుమ, నేను ముగ్గురం వసతిగృహానికి వెళ్లాం. గేటు దాటామో లేదో, బంగారమ్మగారి గాజుల చప్పుడు పోల్చుకుని "మామ్మొచ్చింది! వేషాలొచ్చాయి!" అని కేకలు. వరండాలో పిల్లలు మా మీద పడ్డారు. మంత్రి వేషం రజియాది. ఆ పిల్ల తన కోటు తొడుక్కుని, జేబులున్నాయని కనిపెట్టి, రెండు చేతులూ వాటిలో దోపుకుని అక్కడే మంత్రిలా పచార్లు మొదలుపెట్టింది. రాజు వేషం పైడమ్మది. పన్నెండేళ్లుంటాయి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

"నాదో? నాదేది?" అని చేతులు చాచింది.

కుసుమ తనే స్వయంగా తొడిగింది. పైడమ్మ నవ్వుతూ ఒక్కడుగు వేసింది. కరకరమని చప్పుడైంది. ఇంకో అడుగు వేసింది, మళ్లీ అదే చప్పుడు. నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల వేళ్లు అంచుల మీద, గుండెల మీద, మెడ మీద మెల్లగా నడిచాయి. ఒక చెమ్కీ ఊడి గోటికి అంటుకుంది.

"ఏటక్కా ఇది? బిస్కట్ల పొట్లంలాగుంది!"

పక్కనున్న పిల్లలు కూడా తడిమి చూసి పకపకా నవ్వారు. "రాజుగారు నడుస్తుంటే ఎవరో చెత్త ఊడుస్తున్నట్టుంది" అంది రజియా.

కుసుమ మొహం ఎర్రబడింది. "అది బంగారు రంగమ్మా. దూరంనుంచి చూస్తే ధగధగా మెరిసిపోతుంది. చూసేవాళ్లందరూ..."

"చూసేవాళ్లెవరక్కా?" అంది పైడమ్మ.

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఆట చూడ్డానికి వచ్చేది ఆ వసతిగృహంలో ఉన్న మిగతా అరవైమంది పిల్లలు. గోడవార బల్లల మీద కొందరు తల్లులూ టీచర్లూ కూర్చుంటారు, అంతే. ఆటాడేది చూపులేని పిల్లలని కుసుమకి తెలుసు. చూసేవాళ్లెవరో అడగాలని మాత్రం దానికి తట్టలేదు. మాకూ తట్టలేదు.

పైడమ్మే విడమరిచి చెప్పింది. "ఆట మొదలెట్టక ముందు అందరూ వరసలో వచ్చి మమ్మల్ని తడిమి చూస్తారు. లేపోతే రాజెవరో, బంటెవరో ఎలగ తెలుస్తాది? దీన్ని ముట్టుకుంటే రాజంటారా? నాను వెయ్యను. ఇది రాజు కాదు, పొట్లం."

కుసుమ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తలొంచుకుని అంగీ విప్పింది. బంగారమ్మగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అప్పుడు కుసుమ ముక్కు ఎగబీల్చిన చప్పుడు పైడమ్మ చెవిన పడింది.

"ఏడవకక్కా, టైము లేదు! ఆట రేపే!"

ఆ మాటకి కుసుమకి నవ్వొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, చెంపలు తుడుచుకుని అడిగింది. "సరే, నువ్వే చెప్పు. రాజంటే ఎలా ఉండాలి?"

ఇక చూడాలి! పాతికమంది ఒక్కసారిగా మొదలుపెట్టారు. "బరువుగా ఉండాల!" "అంగీ నేలమీద జీరాడాల!" "చల్లగా ఉండాల, మెత్తగా ఉండాల!" "బొత్తాలు లడ్డూలంత ఉండాల!" ఇంతలో వెనకనుంచి ఒక చిన్నపిల్ల సన్నటి గొంతుతో, "రాజు ఇటు తిరిగితే నాకు గాలి రావాల" అంది. కుసుమ రవికెల కొలతలు రాసుకునే పుస్తకం తీసి అవన్నీ రాసుకుంది. రాస్తున్నకొద్దీ దాని మొహం మారిపోయింది. నేను పక్కనే ఉండి చూశాను, ఐదు నిమిషాల కిందటి ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

వార్డెనుగారి అనుమతి తీసుకుని, పైడమ్మనీ రజియానీ ఆటోలో కూర్చోబెట్టుకుని మా కుట్టుబడికి తీసుకొచ్చాం. ఇద్దరినీ పాతబట్టల గుట్ట ముందు నిలబెట్టి, "ఏరుకోండి" అంది కుసుమ. వాళ్లు మోచేతుల దాకా దిగిపోయారు. పట్టుకున్న ప్రతి గుడ్డనీ చెంపకి ఆనించారు, నలిపి చెవి దగ్గర పెట్టుకున్నారు, వాసన చూశారు. "ఇది గుచ్చుతాది." "ఇది జారిపోతాది." "ఇది మా టీచరు కోపంలో ఉన్నప్పటి చీర చప్పుడు!" నవ్వలేక మేం మిషన్ల మీద వాలిపోయాం.

అట్టడుగునుంచి పైడమ్మ ఒక ముద్ద లాగి గట్టిగా కేకేసింది. "ఇదే! ఇదే రాజు!"

అది ఏనాటిదో మఖమల్ సోఫా తొడుగు. ముదురాకుపచ్చ రంగు. ఒక పక్క ఎండకి వెలిసిపోయింది కానీ చేత్తో రాస్తే పిల్లి వీపులా ఉంది. ఒక చేతికి మాత్రం గుడ్డ చాలలేదు. రజియా వెదికిన మెత్తటి ముక్క మెరూన్ రంగుది. ఆకుపచ్చ అంగీకి ఒక్క మెరూన్ చెయ్యి! కుసుమ ఒక క్షణం ఆలోచించింది. గోడవార కూర్చునే తల్లుల్లో వాళ్లమ్మ కూడా ఉంటుంది మరి. ఉన్న ఆకుపచ్చ గుడ్డని రెండు చేతులకీ పొట్టిగా సరిపెట్టి, మెరూన్ ముక్కతో రెండు మణికట్లకీ పట్టీలు వేసి, మిగిలినది మెడపట్టీకి వాడింది. లేమి వల్ల వేసిన అతుకు రాజుగారి హోదాలా కనిపించింది.

వెలిసిన భాగాన్ని లోపలికి మడిచింది. పాత పట్టుచీరనుంచి జరీ అంచు విప్పి, దాని కింద సన్నటి తాడు పెట్టి, చేత్తో అంగుళం అంగుళం కుట్టుకుంటూ పోయింది. వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఒక తీగ తయారైంది. కుడి మడమ దగ్గర మొదలై, వీపు మీంచి చుట్టుకుని, ఎడమ భుజం ఎక్కి మెడ దాకా వచ్చింది. గుండ్రటి రాళ్లకి గుడ్డ చుట్టి బొత్తాలు చేసింది. అన్నీ అయ్యాక అంగీ తొడిగి చూస్తే జీరాడింది గానీ బరువు చాలలేదు. తిరిగినప్పుడు గాలి రాలేదు.

కుసుమ గదంతా కలయజూసింది. లేచి వెనక వంటింట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు దాని చేతిలో డబ్బా నిండా చింతగింజలున్నాయి. అంగీ కింది మడతని చిన్నచిన్న అరలుగా కుట్టి, అరకి గుప్పెడు చొప్పున పోసి మూసేసింది. "తిరుగు!" అంది. పైడమ్మ గిర్రున తిరిగింది. అంగీ గొడుగులా విచ్చుకుంది. గింజలు జల్లుమన్నాయి, ఇనప రేకు మీద తొలి చినుకులు పడ్డట్టు. నా మొహాన గాలి కొట్టింది.

"మళ్లీ!" అన్నాం అందరం ఒక్కసారే. పైడమ్మకి కళ్లు తిరిగేదాకా తిప్పాం.

సాయంత్రం వెలుగుండగానే పని పూర్తయింది. అంగీ లోపలివైపు కూడా ఎక్కడా పీచు లేదు. ప్రతి కుట్టు మీదా పాత పంచె గుడ్డతో మెత్తటి పట్టీ వేసింది. వెయ్యమని దానికెవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఆట మొదలయ్యే ముందు వరస కట్టారు. అరవైమంది. భటులని రెండు క్షణాలు, మంత్రిని నాలుగు క్షణాలు తడిమారు. రాజు దగ్గర వరస ఆగిపోయింది. ఒక పిల్ల మఖమల్‌కి చెంప ఆనించి, "రాజు చల్లగున్నాడు" అని వెనకవాళ్లకి చెప్పింది. ఆ కబురు వరస చివరిదాకా పాకింది. గాలి రావాలని అడిగిన చిన్నపిల్లకి తీగ మొదలు దొరికింది. ఇక వదల్లేదు. వేలితో దాన్ని పట్టుకుని రాజు చుట్టూ తిరిగింది, భుజం అందక మునివేళ్ల మీద లేచింది. వెనకనుంచి "కానీయే, మాకూ కావాల!" అని గోల. పైడమ్మ వంగి మెడ అందించింది. "అయిపోయింది, మెడకాడ ఆగింది" అని ఆ పిల్ల ప్రకటించాక గానీ వరస కదల్లేదు.

ఆట మొదలైంది. మంత్రి మాట్లాడాడు, రాణి మాట్లాడింది. రాజు ఇంకా తెరవెనకే ఉన్నాడు. అప్పుడు జల్లుమని గింజల చప్పుడు. అంతవరకూ గుసగుసలాడుతున్న పిల్లలందరూ ఒక్కసారి చెవులు రిక్కించారు. చప్పుడు దగ్గరికొచ్చింది, వేదిక అంచు దాకా వచ్చింది, గిరుక్కున తిరిగింది. ముందు వరస మీదుగా గాలి వీచింది.

"రాజొచ్చాడు! రాజొచ్చాడు!"

పైడమ్మ ఇంకా ఒక్క మాట కూడా అనలేదు. చప్పట్లు ఆగితేగా అనడానికి! ఆ ఉత్సాహంలో ఆటలో లేని మూడు తిరుగుళ్లు అదనంగా తిరిగింది. పక్కన నిలబడ్డ కుసుమ నా భుజం పట్టుకుని ఎగిరి గంతేసింది. వాళ్లమ్మ గోడవార లేచి నిలబడి మరీ చూసింది.

తిరిగొచ్చేటప్పుడు కుసుమ దారంతా మాట్లాడుతూనే ఉంది. రైలు గేటు వేసి ఉంటే ఆగాం. అక్కడ బంగారమ్మగారి వైపు తిరిగి అంది.

"అమ్మా, నా ప్రశ్నకి జవాబు దొరికింది. చూసేవాళ్లు ఎప్పుడూ పదడుగుల అవతలే ఉండరు. అంగీని ముట్టుకునేంత దగ్గరగా ఉండేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లని దృష్టిలో పెట్టుకుని కుట్టాలి. అంతేనా?"

బంగారమ్మగారు వచ్చే రైలు వైపు నుంచి చూపు మళ్లించారు. తర్వాత కుసుమ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, సూదిపోట్లతో కందిన ఆ చూపుడువేలిని బొటనవేలితో ఒకసారి నిమిరారు.

"వాళ్లందరికన్నా ముందు, నిన్న పొద్దంతా దాన్ని ముట్టుకున్నదెవరే?" అన్నారు.