కర్ర గదకూ భయమే

ఉరుసు కుస్తీలకు మా కసరత్తుల తాలింఖానా నుంచి ఒక్కడే పోవల్ల. ఆ ఒక్కడూ తానేనని ఓబుళపతి ముందే తేల్చేసుకుని కొత్త లంగోటీ కూడా కుట్టించుకున్నాడు. వానికి అడ్డమల్లా దస్తగిరి ఒక్కడే.

"ఎవరు పోవల్లనో చెప్పు ఉస్తాద్!" అని ఆ పొద్దున ఓబుళపతి ఉస్తాద్ హుసేన్ పీరాను నిలదీసినాడు.

"మీ గుండెకాయలే చెప్తాయి. తీయండి బస్కీలు," అన్నాడు ఉస్తాద్ టీ తాగుతా.

మా దగ్గర అది పాత పద్ధతి. ఇద్దరూ మూడు వందల బస్కీలు తీసి మూడు నిమిషాలు కూర్చోవల్ల. అప్పుడు గోడ గడియారం చూసి అర నిమిషం ఒకని నాడి ఇంకొకడు లెక్కపెట్టల్ల. ఎవని గుండె బాగా నెమ్మదిస్తే వాడే గట్టోడు. తన నాడి తాను చూసుకుంటే చెల్లదు, తగ్గించి చెప్పుకుంటాడని. మరి ఎదుటోడు పెంచి చెప్పడా అని అడిగితే ఉస్తాద్ నవ్వి ఊరుకుంటాడు.

బస్కీలు అయిపోయినాయి. ఓబుళపతి దస్తగిరి మణికట్టు మీద బొటనవేలు నొక్కిపెట్టినాడు.

"అరవై నాలుగు! ఇంకా దడదడలాడతాంది ఉస్తాద్. వీనికి ఇప్పుడే భయం పట్టుకునింది!"

"నాకేం ఆయాసం లేదే అన్నా," అని గొణిగినాడు దస్తగిరి, పాపం.

ఉస్తాద్ లేచి, మూలనున్న కర్ర గద తెచ్చి ఓబుళపతి ఒళ్ళో పెట్టినాడు.

"దీని నాడి చూడు."

"గదకు నాడేంది ఉస్తాద్?"

"చూడరా నాయనా. ఇందాక యా వేలు పెట్టినావో అదే వేలు. గట్టిగా."

ఓబుళపతి బొటనవేలు అదిమిపెట్టినాడు. మొగం మారిపోయింది.

"కొట్టుకుంటాంది ఉస్తాద్..."

"అయ్యో! దానికీ భయమేనా?"

తాలింఖానా అంతా గొల్లుమనింది. బొటనవేలికి దాని నాడి దానికే ఉంటుందని, ఇంతసేపూ తాను లెక్కపెట్టింది తన గుండెనేనని అప్పటికి ఎక్కింది వానికి. సిగ్గుతో చచ్చిపోయినాడు.

"మళ్ళీ మొదలు. మూడు వందలు," అన్నాడు ఉస్తాద్. నేనేం తప్పు చేసినానని దస్తగిరి మొత్తుకున్నా వినలేదు.

ఈసారి ఓబుళపతి రెండు వేళ్ళు మెత్తగా ఆనించినాడు. అర నిమిషం అయిపోయింది. ఆ లెక్క వానికి తప్ప ఎవరికీ తెలీదు. ఒక్క ఇరవై కలిపి చెప్తే చాలు, ఉరుసు వానిదే. మేమంతా వాని మొగమే చూస్తా ఉన్నాము.

"నలభై రెండు," అన్నాడు.

"అన్న నాడి అరవై," అన్నాడు దస్తగిరి, తానే తప్పు చేసినట్టు తల దించుకుని.

"పోయి గెల్చుకుని రాపో!" అని ఓబుళపతి వాని వీపు మీద ఒక్కటి చరిచినాడు. నవ్వినాడు గానీ కండ్లల్లో నీళ్ళు మాత్రం దాచుకోలేకపోయినాడు.

ఉస్తాద్ వచ్చి ఓబుళపతి పక్కన కూర్చున్నాడు.

"రేపటి నుంచి ఈ తాలింఖానాలో అందరి నాడీ నువ్వే చూడల్ల," అని తన చేయి చాపినాడు. "ముందు నాది చూడు."