నక్క జరిపిన పదకొండు రాళ్ళు

గుమ్మికొండ నడిమి వాలులో పదకొండు రాళ్ళు ఒకే వరసలో నిలబడి ఉండేవి. ఒక్కొక్కటీ చనిపోయిన ఒక్కో జంతువు పేరున పాతిన రాయి. పెద్దవాళ్ళెవరైనా పోతే కొండజంతువులు ఒక రాయి పాతుతాయి. మూడు రోజులు ఆ రాయిని పేరు పెట్టి పిలుస్తాయి. నాలుగో రోజు నుంచి ఆ పేరెత్తవు. రాయి దగ్గర గొంతు వినిపించినా పలకవు, తలెత్తి చూడవు. పలికితే పోయినవాళ్ళకు దారి మూసుకుపోతుందని వాటి నమ్మకం.

రాళ్ళకు కాస్త పైన ఒక ఊట. ఎండలు ముదిరితే కొండ మొత్తానికి అదొక్కటే నీరు.

రాళ్ళకు దిగువన చింపయ్య అనే నక్క కాపురం. వాడి తాత కరువులో కింది పొలాలు వదిలి, నాలుక వేలాడేసుకుని కొండెక్కాడు. కొండవాళ్ళు అతన్ని రాళ్ళ దగ్గర నిలబెట్టి మాట ఇచ్చారు. "రాళ్ళకు దిగువన మీరు, ఎగువన మేము. రాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఉంటుంది." ఊట సంగతి ఆ మాటలో లేదు. నీళ్ళు ఒకరి సొంతమవుతాయని ఆ రోజుల్లో కొండ మీద ఎవరికీ తోచలేదు.

చింపయ్యకు తోచింది. వాడిది పొలాల్లో పుట్టిన వంశం. రాయి అంటే వాడికి హద్దురాయే. కింద రైతులు హద్దురాళ్ళు జరుపుకుని ఒకరి నేల ఒకరు కలుపుకోవడం తాత కథలు కథలుగా చెప్పేవాడు. రాళ్ళను ఊటకు పైకి జరిపితే ఊట దిగువకు వస్తుంది. మాట తప్పినట్టూ కాదు, పని జరిగినట్టూ అవుతుంది. ఆపైన నీళ్ళకు వచ్చిన ప్రతివాడూ తన ముందు తల వంచాల్సిందే.

ఈ ఆలోచన వచ్చాక వాడికి నిద్ర పట్టలేదు. పెళ్ళాం మంగి పుట్టింటికి వెళ్ళిన సమయం చూసి బొద్దడనే అడవిపందిని పిలిచాడు. వారం పాటు దుంపలు తవ్వుకోనిస్తానని ఆశపెట్టాడు. మిట్టమధ్యాహ్నం, కొండ మొత్తం నీడల్లో కునుకు తీసే వేళ, పని మొదలైంది.

బొద్దడు ముట్టెతో మొదటి రాయిని పెళ్ళగించాడు. గుంటలోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది.

"బావా, ఇంత ఎండలో ఈ చలేమిటి?"

"లోపల తేమ ఉంటుందిరా. దొర్లించు."

"దొర్లిస్తున్నానులే. కానీ కదిపినప్పటి కంటే ఇప్పుడు బరువెక్కువగా ఉంది."

"తిని తిని నీ ఒళ్ళు బరువెక్కింది. రాయినంటావేం?"

అలా పది రోజుల్లో పది రాళ్ళు పైకి వెళ్ళాయి. ఆ రాళ్ళ వైపు తలెత్తి చూడని అలవాటు వల్ల కొండవాళ్ళెవరూ కనిపెట్టలేదు. వరసగా పెడితే రెండు కొసల నుంచీ ఎవరైనా చుట్టి రావచ్చని చింపయ్యకు అనుమానం వచ్చింది. గుండ్రంగా పెడితే కొసలే ఉండవు కదా. తన బొరియనూ ఊటనూ కలిపి, చుట్టూ రాళ్ళు నిలబెట్టించాడు. పదకొండో రాయి ఒక్కటే మిగిలింది.

ఆ రోజు బొద్దడు రాలేదు. చింపయ్యే వెతుక్కుంటూ వెళ్ళాడు. పంది పొద మధ్యలో ముడుచుకుని పడుకుని ఉంది.

"లేరా. ఒక్క రాయికి మొరాయిస్తావా?"

"నేను రాను బావా. మొదటి రోజు నా వెనక ఎవరో నడుస్తున్నట్టు అనిపించింది. రెండో రోజు ఇద్దరు. నిన్న పదిమంది నడిచారు. ఆగితే ఆగారు, నడిస్తే నడిచారు. వెనక్కి తిరిగితే ఎండ తప్ప ఏమీ లేదు."

"భయపడితే గడ్డిపరక కూడా నడుస్తుంది."

"నీ దుంపలు నువ్వే తిను," అని బొద్దడు మొహం పొదలోకి తిప్పుకున్నాడు.

సాయంత్రం నీళ్ళకు వచ్చినవాళ్ళను చింపయ్య తరిమేసరికి సంగతి కొండంతా పాకింది. కణుజు జాతి దుప్పి గంగన్న కొమ్ములు దించుకుని పరుగున వచ్చాడు. వెనక మందంతా ఉంది. వాళ్ళతోపాటు ఒళ్ళంతా పొలుసులున్న ముసలి అలుగు సుక్కమ్మ మెల్లగా నడిచి వచ్చింది. రాళ్ళ ఆచారం కాచేది ఆవిడే. చింపయ్య తాతకు మాట ఇచ్చింది ఆవిడ తల్లే.

"ఊట దగ్గరికి వస్తే కరుస్తానన్నావట, నిజమేనా?" అన్నాడు గంగన్న.

"నేనెందుకంటాను బావా? మీ పెద్దలన్న మాటే నేనూ అంటున్నాను. రాళ్ళకు దిగువన మేము. చూసుకో, రాళ్ళెక్కడున్నాయో."

"నువ్వు జరిపితే జరిగినవి అవి."

"ఎవరు జరిపితే జరిగాయన్నది మాటలో ఉందా? లేదే."

గంగన్న కొమ్ము విసరబోయాడు. సుక్కమ్మ అడ్డం నిలబడింది.

"ఆగు నాయనా. మాట మనది. వాడు వంకర తిప్పాడని మనం తెంపకూడదు." తర్వాత నక్క వైపు తిరిగింది. "చింపయ్యా, నీ మేలు కోరి చెప్తున్నాను. అవి హద్దురాళ్ళు కావు. వరసగా ఉన్నప్పుడు వాటికి రెండు పక్కలుండేవి, ఒక పక్క నువ్వు, ఒక పక్క మేము, మధ్యలో వాళ్ళు. చుట్టూ పెడితే లోపలంతా వాళ్ళదే అవుతుంది. ఆ చివరి రాయి పెట్టకు."

"చచ్చినవాళ్ళకు నేలెందుకవ్వా?"

"నేల మనదని ఎవరన్నారు? వాళ్ళదే. మనం బతికున్నన్నాళ్ళు వాళ్ళనడిగి నడుస్తున్నాం."

చింపయ్యకు నవ్వొచ్చింది. చేతకానివాళ్ళు చచ్చినవాళ్ళను అడ్డం పెట్టుకుంటారని అనుకున్నాడు. ముసలిది ఇంతగా బతిమాలుతోందంటే ఆ ఒక్క రాయిలోనే వాళ్ళ ఓటమి ఉందన్నమాట.

"నాలుగైదు రోజుల్లో కూనలు దాహంతో పడిపోతాయి," అన్నాడు గంగన్న.

"అడిగి తాగండి. నేను కాదంటానా? నా గడప దగ్గర నిలబడి, తల వంచి అడగండి."

మంద వెనక్కి తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం చింపయ్య ఒక్కడే భుజంతో నెట్టి, మధ్యమధ్య ఆయాసపడుతూ పదకొండో రాయిని పైకి చేర్చాడు. రాయి గుంటలో కూర్చున్న క్షణాన కీచురాళ్ళు ఆగిపోయాయి. గాలి ఆగింది. చెట్ల నీడలు రాళ్ళ దాకా వచ్చి అక్కడే నిలిచిపోయాయి, లోపలికి రాలేదు.

"ఇక ఇదంతా నాది," అన్నాడు పైకే. తన గొంతు తనకే దూరం నుంచి వినిపించింది.

సాయంత్రం మంగి పుట్టింటి నుంచి వచ్చింది. నోట్లో కౌజుపిట్ట ఉంది. చింపయ్య ఎదురు వెళ్ళాడు.

"చూశావా మన ఇల్లు ఎంత పెద్దదైందో?"

మంగి రాళ్ళ బయట నిలబడి అటూ ఇటూ చూసింది. ఆమె చూపు వాడి మీదుగా వెళ్ళి వెనకున్న బొరియ మీద ఆగింది. పిట్టను కింద దించి, "ఏమయ్యా," అని పిలిచింది. వాడు పలికాడు. మళ్ళీ పిలిచింది. వాడు అరిచాడు. కాసేపు చెవులు రిక్కించి, మంగి కౌజుపిట్టను రాయి మొదట్లో పెట్టింది. గుండెలు పగిలేలా ఒక ఊళ వేసి కిందికి దిగిపోయింది. వాడు వెంట పరుగెత్తాడు. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు అడుగు ముందుకు వేయలేదు.

మూడు రోజులు మంగి కింద నుంచి వాడి పేరు పిలిచింది. నాలుగో రోజు పిలుపు వినిపించలేదు.

ఆ రోజు గంగన్న మందనూ సుక్కమ్మనూ వెంటబెట్టుకుని వచ్చాడు. కూనలు తూలుతున్నాయి. అయినా రాళ్ళ దగ్గర ఆగి సుక్కమ్మ వైపు చూశారు.

"లోపల అంతా పోయినవాళ్ళే," అంది సుక్కమ్మ. "దాహానికి వస్తే పోయినవాళ్ళు కాదనరు. తలెత్తకుండా వెళ్ళి తాగండి. ఏ గొంతు వినిపించినా పలక్కండి."

మంద తల వంచుకుని ఊట దగ్గరికి నడిచింది. చింపయ్య కోరుకున్నది కూడా అదే, అందరూ తల వంచాలనే. "నన్ను అడిగి తాగండి," అని అరిచాడు. ఒక్క చెవీ కదల్లేదు. ఎగిరి గంగన్న పిక్క పట్టుకున్నాడు. పొగమంచును కరిచినట్టు పళ్ళు ఒకదానికొకటి తగిలాయి. గంగన్న మాత్రం ఒళ్ళు చల్లబడినట్టు ఒకసారి వణికి, తాగడం ముగించి, కూనలను ముందు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చింపయ్య నీళ్ళలోకి వంగి చూశాడు. ఆకాశం కనిపించింది, ఊట మీదికి వంగిన కొమ్మ కనిపించింది. తను కనిపించలేదు.

వెనక ఎవరో కదిలారు. ఒకరు కాదు, పదకొండు మంది. ముసలి గొంతు ఒకటి చెవి దగ్గరే, కోపం లేకుండా అంది:

"కాస్త జరుగు నాయనా. ఇంత ఇరుకులో పెట్టావు మమ్మల్ని."

వాడు జరిగాడు. మళ్ళీ జరగమన్నారు. మళ్ళీ జరిగాడు. తన సొంతమనుకున్న ఆ నేలలో నాలుగు కాళ్ళూ ఆనించే చోటు కోసం వాడు నేటికీ జరుగుతూనే ఉన్నాడు. ఊట దగ్గర మాత్రం ఎవరికి దాహమైతే వాళ్ళు వచ్చి తాగి పోతున్నారు.

నీతి: ఇచ్చిన మాటలో సందు వెతికి నేలను మింగాలనుకున్నవాణ్ణి ఆ నేలే మింగుతుంది.