నలభై బండ్ల ఉలవలు

గుర్రాల దాణాకి ఉలవలమ్మే గవరమ్మకి ఆ పొద్దున కాలు నిలవలేదు. పొరుగు రాజ్యం మీద దండయాత్రకి భేరీలు మోగుతున్నాయి. మొగుడేమో కాల్బలంలో ముందు వరస. ఆమె సభకి పరుగెత్తింది.

అక్కడ రాజుగారి మనసెరిగిన దళవాయి వేగులవాళ్లు తెచ్చిన కబురు వినిపిస్తున్నాడు. "శత్రువుకి ఒక్క గుర్రమూ లేదు ప్రభూ."

"గుర్రాల సంగతి నాకు తెలీదు మహాప్రభూ," అంది గవరమ్మ. "ఏటా వాళ్ల కోటకి రెండు బండ్ల ఉలవలు తోలేదాన్ని. ఈ నెల్లోనే నలభై తోలాను."

"వాళ్ల భటులు తింటున్నారేమో," అన్నాడు దళవాయి.

"కావచ్చు దొరా. అన్ని ఉలవలు తిని అరిగించుకునే మనుషులకి ఎదురెళ్లడం కన్నా గుర్రాలకి ఎదురెళ్లడమే నయం."

రాజుగారు భేరీలు ఆపించారు. దళవాయిగారు మాత్రం ఉలవచారు వడ్డిస్తే ఇప్పటికీ విస్తరి ముందు నుంచి లేచిపోతారట.