బస్తీలో తోటకూర మడి

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర పట్నం, పట్నం చివర మురుగుకాలువ, కాలువ గట్టున ఎలుకల బస్తీ.

బడిపిల్లలు ఆ బస్తీకి వెళ్లి సేవ చేయాలని కొంగ మాస్టారు పురమాయించారు. "ఖాళీ చోట ఆకుకూరలు పెంచండి. ఎవరి మడి పచ్చగా ఉంటే వాళ్లకే పై తరగతి," అన్నారు.

కుందేలు పిల్ల జాజి తగుదునమ్మా అని ముందుకొచ్చింది. బస్తీ నడుమ నేల తవ్వింది, తోటకూర విత్తనాలు చల్లింది. అక్కడుండే ఎలుకల్ని మాత్రం ఒక్క మాటా అడగలేదు. అడిగితే పరువు పోతుందనుకుంది కాబోలు!

మొలకలొచ్చాయి. ఎలుకలు చూసి, "బాగుందమ్మా," అని తమ దారిన తాము పోయేవి. ఒక్కటీ చెయ్యి వేసేది కాదు.

ఎండలు ముదిరాయి. బస్తీ మొత్తానికి ఉన్నది ఒకటే కుళాయి. అదీ పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతుంది. జాజి అందరికంటే ముందు వెళ్లి బిందె నింపుకుని మడికి పోసింది. మర్నాడూ అంతే. మూడోనాడు జాజి బిందె నిండిందో లేదో, కుళాయి ఆగిపోయింది.

వెనకాల మంగతాయి అనే ఎలుక ఖాళీ చెంబుతో నిలబడి ఉంది. "జాజమ్మా, నిన్నట్నుంచి మా పిల్లలు గొంతు తడుపుకోలేదు. ఓ చెంబెడు ఇస్తావా?" అంది.

జాజి ఓసారి బిందెకేసి, ఓసారి మడికేసి చూసింది. ఆ సాయంత్రమే మాస్టారు మడి చూడటానికి వస్తారు. నీళ్లు పోయకపోతే తోటకూర వాడిపోతుంది, పై తరగతి పోతుంది. పోస్తే ఆ పసివాళ్ల గతేమిటి? ఏడుపొచ్చింది.

"చెంబెందుకు పిన్నీ, బిందె తీసుకుపో," అంది చివరికి.

సాయంత్రానికి మొక్కలు తలలు వాల్చేశాయి. "ఇదేనా నీ సేవ?" అన్నారు మాస్టారు.

"ఇన్నాళ్లూ వీళ్లు తాగే నీళ్లు పోసి పెంచాను మాస్టారూ. ఇవాళ చేతులు రాలేదు," అంది జాజి.

పొద్దున ఆ బిందె నీళ్లు మంగతాయి ఇరుగుపొరుగుకూ పంచింది. అంతలో తను బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి మొక్కల మొదట్లో పోసింది. పక్కింటి ముసలెలుక కూరలు కడిగిన నీళ్లు తెచ్చింది. ఎదురింటివాళ్లు పప్పు కడిగిన నీళ్లు తెచ్చారు.

"ముందే అడిగితే రోజూ పోసేవాళ్లం కదే, పిచ్చితల్లీ," అంది మంగతాయి.

మాస్టారు మాటంటే మాటే. ఆ ఏడు జాజికి పై తరగతి రాలేదు. అయితేనేం, తోటకూర కోసిన రోజు బస్తీలో ప్రతి ఇంటా పప్పుకూర ఉడికింది. జాజి ఎవరింట్లో భోంచేయాలా అని ఎలుకల మధ్య పెద్ద తగువే అయింది.

నీతి: ఎవరికి సాయం చేయదలిచామో ముందు వాళ్లనే అడగాలి, వాళ్లతో కలిసే చేయాలి.