బ్యాటరీకి బీరువా, కాసులపేరుకి బియ్యం డబ్బా

మండపేటలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే వీర్రాజు మొహమాటపడకుండా తన గుండెమీదే చెయ్యి వేసుకునేవాడు. "మేం ఎవరేం చెప్పినా తు.చ. తప్పకుండా చేస్తామండి. తెలివంటే అంతేగా!" అనేవాడు. తమ్ముడు గవర్రాజు తల ఊపేవాడు. భార్య రత్తమ్మ మురిసిపోయేది. తల్లి నూకాలమ్మ ఇద్దరు కొడుకులకీ దిష్టి తీసేది.

ఆ ఇంట్లో పోతే కొంప మునిగే వస్తువు ఒక్కటే, నూకాలమ్మ కాసులపేరు. రామచంద్రపురంలో ఉండే ఆవిడ అక్క వెంకాయమ్మ నలభై ఏళ్ళుగా ఒకటే పాట. "అదెప్పుడో పోయుంటుంది, నువ్వు చెప్పట్లేదంతే." వచ్చే గురువారం ఆ అక్కగారి కొత్తింటి గృహప్రవేశం. కాసులపేరు ఉందని ఆ రోజు రుజువు చెయ్యకపోతే నూకాలమ్మ మళ్ళీ అక్క గడప తొక్కదట.

అందుకే ఇంటికి దొంగల అలారం పెట్టించారు. గోడమీద నాలుగంకెలు నొక్కకుండా తలుపు తీస్తే అది కుయ్యోమని అరుస్తుంది. అరుస్తూనే ఫోను తీగమీద కాకినాడలో ఉన్న అలారం ఆఫీసుకి కబురు పంపుతుంది. అంతా బాగానే ఉంది. ఇంతలో పాత ఫోను తీసేయించి ఇంటర్నెట్ ఫోను పెట్టించారు.

పెట్టడానికొచ్చిన ఇస్మాయిల్ నెమ్మదస్తుడు. విడమరిచి చెప్పాడు.

"పాత ఫోనుకి ఇంట్లో కరెంటుతో పనిలేదండి. దీనికి ఉంది. కరెంటు పోతే ఈ ఇంటర్నెట్ పెట్టె ఆగుతుంది, పెట్టె ఆగితే ఫోను ఆగుతుంది, ఫోను ఆగితే మీ అలారం తన లోపలున్న సొంత బ్యాటరీమీద ఎంత అరిచినా కాకినాడకి వినపడదు. అందుకే ఈ పెట్టెకి వేరే ఈ బ్యాటరీ. ఇవాళంతా ఛార్జి ఎక్కనిచ్చి రేపు ఈ తీగ తగిలించండి. ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఖాళీ కానివ్వకండి, జాగ్రత్త!"

మర్నాటికి బ్యాటరీ నిండింది. గవర్రాజు తీగ పట్టుకుని వంగాడు.

"ఆగరా!" అని అరిచాడు వీర్రాజు. "తగిలిస్తే ఏమవుతుంది?"

"పెట్టె దాన్ని వాడుకుంటుంది అన్నయ్యా."

"వాడుకుంటే?"

"ఖాళీ... అమ్మ బాబోయ్!"

అంతే! బ్యాటరీని నూకాలమ్మ పట్టుచీరలో చుట్టి ఇనప బీరువాలో పెట్టారు. అక్కడ ఉన్న కాసులపేరు చోటు చాలక బయటికొచ్చింది. అందరూ బ్యాటరీ హడావిడిలో ఉండగా రత్తమ్మ దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పడేసింది.

ఆ రోజే పదకొండింటికి కరెంటు పోయింది. గవర్రాజు పెరట్లోంచి వస్తూ అంకెలు నొక్కడం మరిచి తలుపు తీశాడు. ఇంకేముంది! అలారం అందుకుంది. పక్కింటి గేదె కట్టుతాడు తెంపుకుంది. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. కాకినాడ నుంచి మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు.

"వాళ్ళకి వినపడలేదురా. నువ్వెళ్ళి చెప్పిరా" అన్నాడు వీర్రాజు.

గవర్రాజు బస్సెక్కి కాకినాడ వెళ్ళి ఆఫీసులో నిలబడి, "అమ్మా, మా అలారం మోగుతోందండి" అన్నాడు. అక్కడున్నావిడ కంగారుపడి, "దొంగలా?" అంది. "కాదండి, నేనే" అన్నాడు.

ఇక్కడ ఇంట్లో నాలుగ్గంటలు అలారం అలా అరుస్తూనే ఉంది. చెవుల్లో దూది పెట్టుకుని రత్తమ్మ, "ఆ అంకెలు నొక్కెయ్యండీ!" అని మొత్తుకుంది.

"నొక్కితే ఆగిపోతుందే! అక్కడ తమ్ముడు 'మోగుతోంది' అని చెప్తుంటాడు. వాణ్ణి అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

గవర్రాజు తిరిగొచ్చి ఆఫీసావిడ చెప్పినవన్నీ అప్పజెప్పాడు. ఒకటి, బ్యాటరీ తగిలించి తీరాలి. రెండు, నిజంగా దొంగ వస్తే ఎలా ఉంటుందో అలా పరీక్ష చేసుకోవాలి. మూడు, అలారం మోగితే ఆఫీసువాళ్ళు ఇంటికి ఫోను చేస్తారు. ఎత్తినవాళ్ళు రహస్యపు మాట చెప్తే సరే, చెప్పకపోతే పోలీసుల్ని పంపుతారు. ఆ మాటగా 'ములక్కాడ' అని రాయించి వచ్చాడు. "అది ఇంట్లో ఉండేవాళ్ళకే తెలియాలట. బయటివాళ్ళకి తెలియకూడదట."

మొదటిది తేలిగ్గానే అయిపోయింది. బ్యాటరీని బీరువాలోంచి కదపడం ఇష్టంలేక ఇంటర్నెట్ పెట్టెనే బీరువాలోకి తెచ్చి తగిలించారు. తీగలు అడ్డొచ్చి తలుపు పడలేదు. సర్లే అని తాళం తీసి గూట్లో పెట్టారు.

రెండోది కష్టమైంది. గవర్రాజు దొంగలా వస్తానని మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. నూకాలమ్మ చూసి, "భోంచేశావా నాన్నా?" అంది.

"ఇలా కాదురా! దొంగ వచ్చినట్టు ఉండాలంటే దొంగే రావాలి" అన్నాడు వీర్రాజు.

బస్టాండు టీకొట్టు దగ్గర సత్తిబాబు దొరికాడు. పదహారేళ్ళ అనుభవం, నిన్ననే జైలునుంచి వచ్చాడు. విషయం విని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మా ఇంట్లో దొంగతనం చెయ్యాలి అన్నయ్యా, మొహమాటపడకు" అన్నాడు గవర్రాజు.

"సరుకెక్కడుంటుంది బాబూ?"

"కాసులపేరా? మా తాతల నాటినుంచీ బీరువాలోనే!" అన్నాడు వీర్రాజు గర్వంగా. బియ్యం డబ్బా సంగతి రత్తమ్మ అతనితో చెప్పలేదు. అతను అడగలేదు కదా.

"మరి ఫోనొస్తే?"

అన్నదమ్ములు లెక్క వేసుకున్నారు. అప్పుడు ఇంట్లో ఉండేది ఎవరు? సత్తిబాబు. బయట ఉండేది ఎవరు? వీళ్ళు. వీర్రాజు సత్తిబాబు చెవిలో 'ములక్కాడ' అని ఊదేశాడు. ఆ తర్వాత బయటివాళ్ళకి తెలియకూడదు కాబట్టి అన్నదమ్ములిద్దరూ ఆ మాట మరిచిపోవడానికి కూర్చున్నారు. వీర్రాజు తొందరగానే మరిచిపోయాడు. గవర్రాజుకి మాత్రం ఎంత మరిచిపోదామన్నా సాంబారు వాసనే తగులుతోంది.

మర్నాడు పొద్దున్న ఇంటిల్లిపాదీ ఎదురరుగుమీద బారుగా కూర్చున్నారు. సత్తిబాబు గడియ విరగ్గొట్టాడు. కుయ్యోమంది అలారం! మరునిమిషంలో ఇంట్లో ఫోను మోగింది. "ములక్కాడండి!" అని సత్తిబాబు గొంతు ఖంగుమంది.

"ఆహా! పనిచేసిందిరోయ్!" అని వీర్రాజు చప్పట్లు కొట్టాడు.

సత్తిబాబు పట్టుచీర మూట భుజాన వేసుకుని, వీళ్ళకో దండం పెట్టి చక్కా పోయాడు. అప్పటికిగాని నూకాలమ్మకి విషయం తట్టలేదు. "ఒరేయ్, నా కాసులపేరు! అక్కకి నా మొహం ఎలా చూపించనురా!"

"బియ్యంలో ఉంది అత్తయ్యా" అంది రత్తమ్మ.

డబ్బా బోర్లించారు. ఉంది! నూకాలమ్మ కాసులపేరుని గుండెకి హత్తుకుంది. ఆ ఆనందంలో ఉండగానే సత్తిబాబు చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. మూట గుమ్మంలో దభీమని పడేశాడు.

"బస్టాండుదాకా మోశానయ్యా! విప్పితే బ్యాటరీ! జైల్లో కూడా నన్నెవరూ ఇంత మోసం చెయ్యలేదు!"

"తెచ్చిచ్చాడు చూశావా, ఎంత నిజాయితీపరుడో" అని వీర్రాజు కళ్ళొత్తుకున్నాడు. కాని బ్యాటరీ ఒక పక్క సొట్టపోయింది. అది చూసి అతనికి ప్రాణం ఉసూరుమంది. ఇలా దొంగలందరూ కాసులపేరు కోసం బీరువా మీద పడితే బ్యాటరీ ఏమైపోవాలి?

గురువారం వచ్చింది. నూకాలమ్మ బోసి మెడతో రామచంద్రపురంలో దిగింది. వెంకాయమ్మ ఎగాదిగా చూసింది.

"ఏదే నీ కాసులపేరు? నేను చెప్పలా, పోయిందని!"

"పోవడమేంటక్కా! ఇల్లు దాటిస్తే అలారం దాన్ని ఎలా కాస్తుంది? అందుకే ఇంట్లోనే ఉంచాం."

"ఉందని నమ్మకమేంటే?"

వీర్రాజు ముందుకొచ్చాడు. "అదేంటి పెద్దమ్మా! గేటు మీద పెద్ద బోర్డు రాయించి మరీ వచ్చాం. 'కాసులపేరు బీరువాలో లేదు, బియ్యం డబ్బాలో ఉంది. దయచేసి బ్యాటరీ జోలికి వెళ్ళవద్దు.' లేనిదాన్ని ఉందని బోర్డు రాయిస్తామా?"

సరిగ్గా ఆ వేళకే మండపేటలో సత్తిబాబు గేటు ముందు నిలబడి ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. "మొన్న బ్యాటరీ మోయించారు. ఇవాళ బియ్యం మోయిస్తారు కాబోలు!" అని చేతులెత్తి దండం పెట్టి, మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

ఇక్కడ రామచంద్రపురంలో వెంకాయమ్మ ముక్కున వేలేసుకుంది. నలభై ఏళ్ళ అనుమానం కళ్ళల్లోంచి కరిగిపోయింది. ఆవిడా ఆ వంశంలోదే కదా.

"నిజమేనే చెల్లీ, బోర్డు ఉందంటే ఉన్నట్టే" అని, కొడుకుని కేకేసింది. "ఒరేయ్, ఆ రంగులాయన్ని పిలవరా. మన వడ్డాణం అటక మీద ఇత్తడి బిందెలో ఉందని గేటుకి రాయించాలి. అక్షరాలు పెద్దవిగా వెయ్యమను, రోడ్డుమీదికి కనపడాలి!"