జిలానీ వేసిన తాళం

ఆ కంప్యూటర్లతో జిలానీకి ప్రాణం విసిగిపోయింది.

ఖాదర్ షా గారు దర్గా పక్కన చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివించి రికార్డు చేయిస్తుండేవారు. శిష్యుడు జిలానీ మొదట్లో ఆ పాఠాలు చదివేవాడు. మంచి గొంతని పేరు కూడా వచ్చింది. తర్వాత కంప్యూటర్ల బాధ్యత నెత్తిన పడింది. ఆఫీసులో విండోస్, పాఠాలు దాచేచోట లినక్స్, ఎవరో దానమిచ్చిన మాక్ ఒకటి. మూడూ మూడు తీర్లు. ఇక్కడ తెరుచుకున్న ఫైలు అక్కడ తెరుచుకోదు. ఒకరి పాఠం ఇంకొకరు చెరిపేస్తారు. పొద్దున లేస్తే "అనుమతి లేదంటోంది భాయ్" అంటూ ఎవరో ఒకరు గుమ్మంలో తయారు. తిన్న అన్నం ఒంటికి పట్టడం మానేసింది.

ఒకరోజు తిక్కరేగి పాఠాలన్నీ అడ్మిన్ ఖాతా పేరుకు మార్చేశాడు. మిగతా ఎవరూ ముట్టుకోకుండా బిగించేశాడు. పీడా విరగడైందనుకుని, ఇక ఒక్క పాఠం కూడా చెడదని గురువుగారికి గొప్పగా చెప్పాడు. ఆయన విని తలూపారు.

సాయంత్రం రేష్మా వచ్చింది. చూపులేని పిల్ల. తెల్లారితే ఇంటర్ చరిత్ర పరీక్ష. చివరి పాఠం ఫోన్‌లో ఎక్కించుకుని వినాలి. అది తప్ప ఆమెకు వేరే పుస్తకం లేదు.

అడ్మిన్ ఖాతా తెరుచుకునేది ఆఫీసులోని ఒక్క కంప్యూటర్‌లోనే. జిలానీ అక్కడికి వెళ్లేసరికి ఆ కుర్చీలో గురువుగారు కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు.

"ఆ పాఠం చదివింది నువ్వే కదా నాయనా. నీ పేరుతోనే వెళ్లి తీసివ్వు."

రేష్మా కూర్చున్న బెంచీ పక్కన పాఠాలు చదివేవాళ్ల కంప్యూటర్ ఉంది. జిలానీ అందులో తన పేరు కొట్టాడు. పాఠం కనబడింది గానీ, నొక్కితే అనుమతి లేదంది. మాక్ దగ్గరికి పరిగెత్తాడు. అదీ ఆ మాటే అంది. ఎవడు చేశాడీ పని అని తిట్టబోయి నాలుక కరుచుకున్నాడు.

ఒక్క నిమిషం లేవమని గురువుగారిని బతిమాలాడు. ఆయన తల ఎత్తలేదు.

రేష్మా చేతికర్ర తడుముకుంటూ లేచింది. "పర్లేదన్నా, పోయొస్తా. ఇక్కడ ఇట్లే అవుతాదని మావాళ్లు ముందే చెప్పినారు."

ఆ మాటలో కోపం లేదు. అందుకే జిలానీ సిగ్గుతో చచ్చిపోయాడు. "కూర్చో తల్లీ" అని ఆమెను ఆపి, గురువుగారి ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే హజ్రత్."

గురువుగారు లేచారు. "ఈ కుర్చీ పని ఉన్నప్పుడు కూర్చోవడానికే నాయనా. నీ చోటు ఆ పిల్ల పక్కనే."

జిలానీ కూర్చోలేదు. నిలబడే, వినేవాళ్లకు వినడానికీ, చదివేవాళ్లకు తమ పాఠం దిద్దుకోవడానికీ, ఎవరికెంత కావాలో అంత తెరిచాడు. ఆ తర్వాత బెంచీ దగ్గరికి వెళ్లి, తన పేరుతో పాఠం తెరుచుకుందో లేదో చూసుకుని, రేష్మా ఫోన్ కోసం చెయ్యి చాచాడు.