మబ్బుకి వలేసిన కోడలు

ఇటు తిరిగి పడుకో బుజ్జితల్లీ, చెప్తాను. అనగనగా ఒక ఊరు. ఆ ఊరు కొండ నెత్తిన ఉండేది. రోజూ పొద్దున్నే మబ్బులు వీధి గుమ్మంలోంచి దూరి, పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయేవి. ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడేది కాదు!

ఆ ఊరికి సముద్రం ఒడ్డు నుంచి ఒక కోడలు వచ్చింది. పేరు నూకరత్నం. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. కాపురానికి వస్తూ వస్తూ, నెత్తళ్ళలాంటి చిన్ని చేపలు పట్టే సన్న కన్నుల వల ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. అది లేకపోతే ఆ పిల్లకి ఏమీ తోచదు మరి.

ఆ వలని చూసి ఊరంతా పడీపడీ నవ్వింది. అత్త సింగారమ్మకైతే తల కొట్టేసినట్టయింది. "ఏటే, కొండెక్కి చేపలు పడతావేటి? ఆ నీసు కంపు అవతల పెట్టు," అంది. రత్నం వలని చుట్టి చూరులో దోపుకుంది. ఏడవలేదులే, గట్టి పిల్ల.

ఆ తర్వాత ఏమైందంటే, ఆ ఏడు ఊట ఎండిపోయింది. ఊరికున్నది ఆ ఒక్క ఊటే. ఊరిపెద్ద, "సంత రోజుకి అందరం కొండ దిగిపోవల్సిందే," అనేశాడు. సింగారమ్మ ఇంటి గుంజని వాటేసుకుని, "నా పెనిమిటి కట్టిన ఇల్లు, ఎలాగొదిలేది?" అని కుమిలి కుమిలి ఏడ్చింది. మాటలన్న అత్తే అయినా, రత్నానికి కడుపు తరుక్కుపోయింది.

అప్పుడు రత్నం గుమ్మంలో నిలబడి మబ్బు వంక చూసింది. 'మొహానికి ఇంత తడి తగులుతోంది, నీళ్ళు లేవంటారేంటి?' అనుకుంది. ముందు ఒక కుండ తెచ్చి మబ్బులో పెట్టి, గబుక్కున మూత వేసింది. తీసి చూస్తే ఏముంది, ఒట్టి కుండ! ఆ తర్వాత చీర ఆరేసింది. చీర తడిసింది గానీ, వచ్చిన నీళ్ళన్నీ అదే తాగేసింది. పిండితే గుక్కెడు రంగునీళ్ళు దిగాయి.

అంతలో గాలి విసిరికొట్టింది. గాలితో పాటు మబ్బు కూడా పారింది. రత్నం చటుక్కున చూరులో ఉన్న వల వంక చూసింది. కంటికి కనపడదు గానీ బుజ్జీ, భూమి చుట్టూ ఉన్న గాలి కూడా ఒక సముద్రమే. మనమంతా దాని అడుగున తిరిగే చేపలం. పారేదానికి వల ఎలా కట్టాలో రత్నానికి ఇంకొకళ్ళు చెప్పాలా?

రెండు వెదురు బొంగులు పాతింది. వలని మడత మీద మడత వేసి, గాలికి అడ్డంగా బిగించి కట్టింది. మబ్బు వచ్చి దూరింది. పోగుల మీద ఆవగింజంత చుక్కలు నిలిచాయి. ఒకదాన్నొకటి కలుపుకుని, బరువెక్కి, టపటపా రాలాయి. కానీ ఏం లాభం, అన్నీ మట్టిలోకే!

సింగారమ్మ అది చూసింది. పెరట్లోకి పరిగెత్తి, ఒక బొంగుని నిలువునా చీల్చి, వల కింద దోనెలా కట్టింది. దోనె చివర కుండ పెట్టింది. ఎండెక్కి మబ్బు విడిపోయేసరికి కుండ నిండింది! అత్తాకోడళ్ళు ఇంటింటికీ తిరిగి తలా గుక్కెడు పోశారు. సంత రోజు వచ్చింది, వెళ్ళింది. ఒక్క ఇల్లు కూడా కొండ దిగలేదు. నవ్విన వాళ్ళంతా వల అల్లడం నేర్పమని రత్నం అరుగు మీద బుద్ధిగా కూర్చున్నారు.

కొన్నాళ్ళకి రత్నం వాళ్ళ నాన్న ఎర్రయ్య, కూతుర్ని చూసిపోదామని కొండెక్కి వచ్చాడు. ఎటు చూసినా వలలే! సింగారమ్మ నిండు చెంబు తెచ్చి, "కాళ్ళు కడుక్కో అన్నా. నా కోడలు పట్టిన నీళ్ళు," అంది. ఆ 'నా కోడలు' అనేటప్పుడు ఆవిడ ఎంత నిక్కి నిలబడిందనుకున్నావు!

ఎర్రయ్య కాళ్ళు కడుక్కుని, మిగిలిన నీళ్ళు ఒక గుక్క తాగి, "ఇంత తియ్యగున్నాయి, ఎక్కడి నీళ్ళమ్మా ఇవి?" అన్నాడు.

రత్నం దూరాన మెరుస్తున్న సముద్రాన్ని చూపించింది. "మనయ్యే నాన్నా! ఎండ ఉప్పుని అక్కడే వదిలేసి, నీళ్ళని ఆవిరి చేసి గాలికిత్తాది. ఆ గాలి కొండెక్కి చల్లబడితే మబ్బవుతాది. అందరికీ పుట్టింటి సారె ఒక్కసారే వత్తాది. నాకు మాత్రం పొద్దు పొద్దుకీ వత్తాంది."

ఎర్రయ్యకి కళ్ళు నిండిపోయాయి. అయినా చెయ్యి మాత్రం మీసం మీదికే పోయింది.

కడలి నీళ్ళు గాలికి,
గాలి చెమ్మ కొండకి,
కొండ మబ్బు కుండకి,
కథేమో కంచికి,
నా బుజ్జితల్లి నిద్దరకి!